వెనక యాక్సిలు ఎక్కడ విరగాలి?

జీపు కొన్న మనిషికి మొదట టైర్ల పిచ్చి పడుతుంది, తరవాత యాక్సిలు పిచ్చి. ఈ రెండు పిచ్చిల మధ్య మామూలుగా ఒక విరిగిన యాక్సిలు రాడ్డు ఉంటుంది. ఆ రాడ్డు ముక్క చేత పట్టుకుని వచ్చినవాళ్ళయితే ఈ కబుర్లు మీకోసమే. ఇంకా ఏదీ విరగనివాళ్ళయితే మరీ మంచిది. చలిమంటకి కాస్త దగ్గరగా జరగండి, తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఒక మాట ముందే చెప్పేస్తాను. తెల్లారుజామున బెంగళూరు నుంచి బారులు తీరి నంది కొండకి మంచు చూడ్డానికి వచ్చే కార్ల గురించి కాదు నేను మాట్లాడేది. ఆ కొండ ఎత్తు 1,478 మీటర్లయినా పైదాకా తారు రోడ్డు ఉంది, దానికి ఏ యాక్సిలయినా చాలు. తారు దిగి, మల్బరీ తోటల గట్ల వెంట, పాత క్వారీ దారుల్లో, గుండ్ల మధ్య బండి నడిపేవాళ్ళ సంగతి ఇది. అందులో సరదాకి నడిపేవాళ్ళున్నారు, తోటకి పోవడానికి వేరే దారి లేక నడిపేవాళ్ళూ ఉన్నారు. విరిగినప్పుడు ఇద్దరూ తిట్టే తిట్లు ఒకటే.

ఇంజను దగ్గర కబుర్లు మొదలుపెట్టడం మనవాళ్ళకి అలవాటు. యాక్సిలు విషయంలో మాత్రం నేల దగ్గరే మొదలుపెట్టాలి. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా కోలారు నుంచి విడిపోయింది గానీ నేల విడిపోలేదు కదా. అదే గ్రానైటు, అదే ఎర్రమట్టి. నంది కొండల దగ్గర పుట్టే చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తి వైపు పోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో కనిపించేది ఇసకే. ఆ ఇసకలో రాడ్డు విరగడం అరుదు. చక్రం తిరిగి తిరిగి తన గొయ్యి తనే తవ్వుకుంటుంది, బండి కూరుకుపోతుంది, పక్క పొలం ట్రాక్టరాయన నవ్వుకుంటూ వచ్చి లాగుతాడు, మనకి సిగ్గేస్తుంది, అంతే. ఎర్రమట్టి బురదా దాదాపు అంతే. జారే నేల యాక్సిలుని కాపాడుతుంది.

విరిచేది రాయి. ఎండిన గ్రానైటు మీద రబ్బరు పట్టు గట్టిది. గుండు ఎక్కుతున్నప్పుడు వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తుంది. డ్రైవరు కంగారుపడి యాక్సిలరేటరు తొక్కుతాడు. గాల్లో ఉన్న చక్రం గిర్రున తిరుగుతుంది. బండి ఒక పక్కకి ఒరుగుతుంది, ఆ తిరిగే చక్రం వచ్చి బండ మీద వాలుతుంది. వాలీవాలగానే పట్టు దొరుకుతుంది. చక్రం ఉన్నపళంగా ఆగిపోవాలంటుంది, ఇంజను మాత్రం తిప్పుతూనే ఉంటుంది. ఈ ఇద్దరి తగువూ తీర్చవలసింది మధ్యలో ఉన్న ఆ ఒక్క ఉక్కు రాడ్డే. టక్‌మని ఒక చప్పుడు, ఆపైన ఇంజను ఎంత అరిచినా బండి కదలదు. మంచి దారి మీద వందల కిలోమీటర్లు తిరిగినా పడనంత బలం ఆ ఒక్క క్షణంలో రాడ్డు మీద పడుతుంది. అందుకే ఎవరైనా వచ్చి యాక్సిలు గట్టిది కావాలంటే నేను అడిగే మొదటి ప్రశ్న, బండి రాళ్ళ మీద తిరుగుతుందా ఇసకలో తిరుగుతుందా అని. ఇసక అన్నవాళ్ళకి, ఆ డబ్బుతో టైర్లకి గాలి కొట్టే ఒక మంచి చేతి పంపు, చక్రాల కింద వేసుకునే నాలుగు ఇనప పలకలు కొనుక్కోమని చెబుతాను.

బాగేపల్లి వైపు మేస్త్రీల మాటతీరు మీకు తెలిసే ఉంటుంది. మెకానిక్కుతో మాట్లాడేది తెలుగు, ఆర్టీవో ఆఫీసులో కన్నడం, స్పేరు పార్టు డబ్బా మీద ఇంగ్లీషు. అలాంటి ఒక మేస్త్రి దగ్గరకి పోయి ఎవరో కుర్రాడు, "అన్నా, వెనక యాక్సిలు జన్మలో విరగనిది ఒకటి చూడన్నా" అన్నాడు. మేస్త్రి స్పానరు పక్కన పెట్టి, "విరగనిది లేదప్పా యాడా. యాక్సిలు గట్టిదేస్తే ప్రొపెల్లర్ జాయింటు పోతుంది. జాయింటు గట్టిదేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు పోతుంది. అదీ గట్టిదేస్తే గేరుబాక్సు. యాది పోవల్లో నువ్వే చెప్పు, దానికి తగినట్ల కడతా" అన్నాడు.

యాక్సిలు మార్పిడి గురించి ఇంతకంటే తెలివైన మాట నేను వినలేదు. విరిగేది ఏదో ఒకటి ఉంటుంది, తప్పదు. మన చేతిలో ఉన్నదల్లా అది ఎక్కడ విరగాలన్నది. ప్రొపెల్లర్ షాఫ్టు చివర ఉండే క్రాసు జాయింటు విరిగితే చెట్టు కింద కూర్చుని మార్చుకోవచ్చు, ఒక స్పేరు సీటు కింద పడుంటుంది. యాక్సిలు మధ్యలోని క్రౌన్-పినియన్ గేర్ల పళ్ళు రాలితే క్రేనో ట్రాక్టరో రావాలి. వాలులో ఉండగా చక్రమే ఊడి పోతే, ఆ తరవాతి సంగతి మాట్లాడుకోవడానికి మనం ఉండాలి కదా. కాబట్టి గట్టి యాక్సిలు ఎంచుకోవడమంటే ప్రమాదకరమైన చోట విరగనిది, చవకైన చోట విరగనిచ్చేది ఎంచుకోవడం.

ఇక ఒక లెక్క. విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ముద్దేనహళ్ళి నందికి పక్కనే ఉంది, ఇక్కడ కూర్చుని లెక్క లేకుండా ఇంజనీరింగు కబుర్లు చెబితే బాగుండదు. రాడ్డు మీద పడే టార్కుకి రెండు హద్దులుంటాయి. ఒకటి ఇంజనూ గేర్లూ కలిసి ఇవ్వగలిగింది. రెండోది టైరు జారకుండా పట్టుకోగలిగింది. లో గేరులో పెట్టాక ఇంజను వైపు హద్దు ఎప్పుడూ కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది, అందుకని అసలు హద్దు టైరుది. వెనక ఒక చక్రం మీద 600 కిలోల బరువు ఉందనుకోండి. పట్టు 0.9 అనుకోండి. జీపు పుట్టిననాటి 6.00-16 టైరుకి వ్యాసార్ధం సుమారు 0.35 మీటరు. గుణిస్తే 1,850 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల వస్తుంది. అంతకు మించితే టైరు జారుతుంది, రాడ్డు బతుకుతుంది. ఇప్పుడు మనం ముచ్చటపడి 33 అంగుళాల టైరు వేశాం, వ్యాసార్ధం 0.42 అయింది. 2,200 దాటింది. ఆపైన రెండు వెనక చక్రాలనీ కలిపి పట్టే లాకరు కూడా పెట్టించాం. అడ్డంగా ఒరిగిన గుంటలో ఒక వెనక చక్రం గాల్లో, రెండోదాని మీద వెనక బరువంతా, అంటే 1,200 కిలోలు. 4,400 దాటింది. రాడ్డు మాత్రం అదే పాత రాడ్డు. పైన చెప్పిన వాలే చక్రం దెబ్బ ఇంకా ఇందులో కలపలేదు.

చూశారా, ఇంజను మాటే రాలేదు. పాత మహీంద్రా ఎంఎం 540 జీపులో ఉన్నది 2,112 సీసీల పెజో డీజిలు, ఇప్పటివాళ్ళు నవ్వుకునేంత నిదానం ఇంజను. అయినా పెద్ద టైర్లు, లాకరు, రాయి, ఈ మూడూ కలిస్తే దానితో కూడా రాడ్డు విరిచేయవచ్చు. టైరు మార్చకుండా, లాకరు పెట్టకుండా యాక్సిలు ఒక్కటీ మార్చాలనుకునేవాళ్ళకి నా సలహా చిన్నది: వద్దు. ఉన్నదానికి కొత్త బేరింగులు, కొత్త సీళ్ళు వేయించి వాడుకోండి.

పెద్ద టైర్లు వేసేశారు, ఇక వెనక్కి తగ్గేది లేదంటారా? సరే, అయితే చరిత్ర కొంచెం వినాలి, అందులోనే కిటుకు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ ఎంబీ జీపుకి వెనక యాక్సిలు ఫుల్ ఫ్లోటింగు. యుద్ధం అయిపోయాక రైతుల కోసం సీజే-2ఏ వచ్చినప్పుడు మొదటి బళ్ళకి అదే వేసి, కొన్నాళ్ళకే సెమీ ఫ్లోటింగుకి మారిపోయారు. అప్పటినుంచి జీపులకి అదే వాడుక అయింది. మనదేశంలో మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1953లో అమెరికాలో వచ్చిన సీజే-3బీ ఇక్కడ దశాబ్దాల పాటు నడిచింది. మన ఊళ్ళలో జీపంటే గుర్తొచ్చే ఆ ఎత్తు బానెట్టు బండి అదే. దాని వెనక ఉన్నది డానా 44 జాతి యాక్సిలు, సెమీ ఫ్లోటింగు.

ఏమిటి ఈ ఫ్లోటింగు గొడవ? ఎద్దుల బండి చూసినవాళ్ళకి క్షణంలో అర్థమవుతుంది. బండి ఇరుసు తిరగదు. బరువు మోస్తుంది, చక్రం దాని మీద కందెనలో తిరుగుతుంది, చివర చీల ఉంటుంది, అంతే. ఫుల్ ఫ్లోటింగు యాక్సిలు సరిగ్గా ఆ ఇరుసే, కాకపోతే లోపల బోలుగా ఉంటుంది. హౌసింగు చివర గొట్టం మీద రెండు బేరింగులు, వాటి మీద హబ్బు, హబ్బుకి చక్రం. బరువంతా గొట్టానిదే. లోపలి నుంచి వచ్చే రాడ్డు పని ఒక్క తిప్పడమే. ఆ రాడ్డు విరిగినా చక్రం ఊడదు. హబ్బు మీది బోల్టులు తీసి, ముక్కలు బయటికి లాగి, కన్నం మూసేసి, ముందు చక్రాల మీద ఇంటికి వచ్చేయవచ్చు.

సెమీ ఫ్లోటింగులో అలా కాదు. అక్కడ ఒకే రాడ్డు బండి బరువూ మోయాలి, చక్రాన్నీ తిప్పాలి. చక్రం దాని చివరికే బిగించి ఉంటుంది. బేరింగు బయటి వైపు విరిగితే చక్రం సెలవు తీసుకుంటుంది. పాత జీపుల్లో ఇంకో తమాషా ఉంది. రాడ్డు చివర కోసుదేరి ఉంటుంది, దాని మీద హబ్బు, పక్కన గాడిలో చిన్న కీ, బయట పెద్ద నట్టు, కాటర్ పిన్ను. నట్టు సరైన బిగింపులో లేకపోతే హబ్బు కాస్త కాస్త ఆడుతుంది, కీ తెగుతుంది, గాడి పాడవుతుంది. ఏళ్ళ తరబడి బిగిసిపోయిన ఆ హబ్బు తీయాలంటే పెద్ద పుల్లరు పెట్టి సుత్తితో కొట్టవలసిందే. హబ్బు వదిలిందంటే తుపాకీ పేలినంత చప్పుడుతో వదులుతుంది. అందుకే తెలిసిన మేస్త్రి నట్టుని పూర్తిగా తీయడు, వదులు చేసి మర మీదే ఉంచి పుల్లరు వేస్తాడు. పూర్తిగా తీసినవాడి కాలు జాగ్రత్త.

పాత విల్లీస్ రకం జీపు ఉన్నవాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ బళ్ళలో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టుని పట్టుకుంటుంది. మామూలు డిఫరెన్షియల్‌తో వెనక రాడ్డు ఒకటి విరిగితే, షాఫ్టుని ఎంత గట్టిగా పట్టుకున్నా చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. అంటే ఎత్తు మీద రాడ్డు విరిగిన క్షణంలోనే హ్యాండ్ బ్రేకు కూడా పోయినట్టే. ఫోర్ బై ఫోర్ వేసి ఉంటే ముందు యాక్సిలు ఆపుతుంది, లేకపోతే కాలి బ్రేకే దిక్కు. రాయి చక్రం కింద పెట్టే మనిషి ఒకడు ఎప్పుడూ పక్కన ఉండాలని పెద్దవాళ్ళు చెప్పింది ఊరికే కాదు.

ఏది ఫుల్ ఫ్లోటింగో గుర్తుపట్టడానికి కింద దూరక్కర్లేదు. చింతామణి టొమాటో మార్కెట్టుకి పొద్దున్నే వెళ్ళండి. లారీల వెనక చక్రాలు చూడండి. చక్రం మధ్యలో హబ్బు ముందుకి పొడుచుకొచ్చి, దాని మూతి మీద గుండ్రంగా బోల్టుల వరస ఉంటుంది. ఆ బోల్టులు రాడ్డువి. పికప్పుల్లో కొన్నింటికి ఇదే తీరు ఉంటుంది, కొన్నింటికి మధ్యలో చదునుగా ఉండి చక్రం నట్లు తప్ప ఇంకేమీ కనిపించవు. చదునుగా ఉన్నది సెమీ ఫ్లోటింగు. క్రేట్లు దించేలోపు ఒక వరస నడిచి వస్తే చాలు, మళ్ళీ జన్మలో ఎవరినీ అడగక్కర్లేదు. టన్నుల బరువు మోసే బళ్ళన్నీ ఎందుకు ఆ దారి పట్టాయో కూడా అర్థమవుతుంది.

నా ఓటు దానికే. రాడ్డు లావు తక్కువైనా ఫుల్ ఫ్లోటింగే మేలు. బరువు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, హబ్బు బేరింగుల్లో గ్రీసు చూసుకుంటూ ఉండాలి, అవన్నీ నిజమే. కానీ విరిగాక ఇంటికి చేర్చే యాక్సిలు అదొక్కటే.

లావు సంగతి చెప్పకపోతే కోపగించుకునేవాళ్ళు ఉంటారు, అదీ చూద్దాం. రాడ్డు బలం వ్యాసానికి ఘనంలో పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల రాడ్డు తీసి 35 మిల్లీమీటర్లది వేస్తే, లావు ఆరో వంతు పెరిగినట్టు కనిపిస్తుంది, బలం మాత్రం దాదాపు 59 శాతం పెరుగుతుంది. అందుకే ఐదు మిల్లీమీటర్ల కోసం జనం అంత కొట్టుకుంటారు. కాకపోతే కొలవవలసిన చోట కొలవాలి. రాడ్డు నడుము ఎంత లావున్నా, చివర గేరులో కూర్చునే స్ప్లైన్ పళ్ళ మొదట్లో ఎంత సన్నమో అంతే దాని అసలు బలం. మంచి రాడ్లు తయారుచేసేవాళ్ళు నడుమును కూడా స్ప్లైన్ లోతుకి సమానంగా సన్నం చేస్తారు. చూడ్డానికి తెలివితక్కువ పనిలా ఉంటుంది. కానీ అప్పుడు మెలిని రాడ్డు మొత్తం పొడవునా పంచుకుంటుంది, ఒక్కచోటే పడి తెగదు.

ఉక్కు విషయంలో మన లేతు షాపుల మాట ఒకటి చెప్పాలి. "ఈఎన్ 24లో చేసిస్తా సార్, జీవితాంతం చూడనక్కర్లేదు" అంటారు. ఈఎన్ 24 అంటే నికెలు, క్రోమియం, మాలిబ్డినం కలిసిన మంచి ఉక్కే, ఈఎన్ 8 కంటే చాలా మేలు. కానీ ఉక్కు పేరు సగం సంగతే. దాన్ని కాల్చి, చల్లార్చి, పైపొర గట్టిగానూ లోపల జిగిగానూ ఉండేట్టు పదును పెట్టాలి. కంపెనీ రాడ్లకి పైపొరకి ఇండక్షన్ హార్డెనింగు చేస్తారు. లేతు మీద తిప్పి, పళ్ళు కోసి, గ్రీసు రాసి చేతికిచ్చిన రాడ్డు ఏ ఉక్కుదైనా సరే, అది చూడ్డానికి మాత్రమే యాక్సిలు. పదును ఎక్కడ పెట్టించారు, ఎంత గట్టిదనం వచ్చింది అని అడగండి. కాగితం మీద అంకె చూపిస్తే కొనండి, నవ్వితే రండి.

రాడ్డు వేశాక చేసుకోవలసిన చిన్న పని ఒకటి. బిగించే ముందు రాడ్డు పొడవునా తెల్ల రంగుతో ఒక తిన్నని గీత గీయండి. రేసుల్లో చేసే పాత పద్ధతే. కొన్నాళ్ళు రాళ్ళ మీద తిరిగాక బయటికి తీసి చూడండి. గీత తిన్నగా ఉంటే రాడ్డు బాగుంది. మెలి తిరిగి వంకరగా కనిపిస్తే ఆ రాడ్డు ఒకసారి తన హద్దు దాటిపోయింది, విరగకుండా లొంగింది. స్ప్లైన్ పళ్ళు కూడా వంకర తిరిగి ఉంటాయి, చూస్తే తెలుస్తుంది. దాన్ని స్పేరుగా కూడా దాచుకోవద్దు, గుజిరీకి వేసేయండి.

ఇప్పుడు పేర్లు. వెనక యాక్సిలు మాట వస్తే చాలు, కుర్రాళ్ళు డానా 60, ఫోర్డు తొమ్మిది అంగుళాలు అంటారు. డానా 44కి క్రౌన్ వీలు 8.5 అంగుళాలు, డానా 60కి 9.75. ఫోర్డుది 1957లో వచ్చింది, అమెరికాలో ఈ రోజుకీ దాని మీద వ్యాపారం నడుస్తోంది. అవి గొప్పవే, కాదనను. అయితే ఆదివారం నాడు గుడిబండ పక్కన దాని పినియన్ సీలు పోయిందనుకోండి, ఎవరు ఇస్తారు? సోమవారం బెంగళూరు జేసీ రోడ్డుకి వెళితే దొరికేదే మన యాక్సిలు. సీలు, బేరింగు, రాడ్డు, క్రౌన్-పినియన్, ఈ నాలుగూ ఏ బండివో చెప్పగానే కొట్టువాడు లేచి అరలోంచి తీసివ్వాలి. ఫోను తీసి ఇంకెవరినో అడుగుతున్నాడంటే అది మనకి వద్దు. పైగా పెద్ద క్రౌన్ వీలంటే మధ్యలో ఉబ్బు పెద్దది, అది కిందికి ఇంకా వేలాడుతుంది. గుండు మీద ముందు తగిలేది అదే. టైరు పెంచి సంపాదించిన ఎత్తులో కొంత అక్కడ వాపసు ఇచ్చేస్తాం.

విప్పే తీరు కూడా చూసుకోవాలి. డానా తరహాలో వెనక మూత తీసి, క్రౌన్-పినియన్‌ని హౌసింగులోనే షిమ్ములు పెట్టి కుదర్చాలి, అది బండి కింద పడుకుని చేసే పని కాదు. ఫోర్డు తొమ్మిది అంగుళాలదీ మన మారుతి జిప్సీదీ ఇంకో తరహా. ముందు వైపు బోల్టులు విప్పితే డిఫరెన్షియల్ మొత్తం ఒక ముద్దగా చేతిలోకి వస్తుంది. బల్ల మీద తీరిగ్గా కుదిర్చి పెట్టుకున్న రెండో ముద్ద ఇంట్లో ఉంటే మధ్యాహ్నం భోజనంలోపు మార్చేసుకోవచ్చు. 1985 నుంచి 2019 దాకా వచ్చిన జిప్సీలు నచ్చినవాళ్ళు ఇంకా వాటిని వదలకపోవడానికి ఇలాంటి చిన్న చిన్న సుఖాలూ కారణమే. రాడ్లు మాత్రం పెద్ద టైర్లకి పుట్టినవి కావు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

కొలతల్లో జనం మరిచేది నిష్పత్తి. క్రౌన్-పినియన్ నిష్పత్తి ముందు ఎంతో వెనకా అంతే ఉండాలి. వెనక 5.38 వేసి ముందు 4.88 వదిలేస్తే, ఫోర్ బై ఫోర్ వేయగానే రెండు యాక్సిళ్ళూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ కేసు ఎక్కువ రోజులు బతకదు. కాబట్టి వెనకది మార్చాలంటే ముందుదాని గేర్లు కూడా లెక్కలో ఉంటాయి, ఖర్చు అక్కడే రెట్టింపవుతుంది. పాత విల్లీస్ జాతి జీపుల్లో వెనక డిఫరెన్షియల్ నడిమధ్యన ఉండదు, కుడివైపుకి జరిగి ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ కేసు అటే ఉంది కాబట్టి. ఏ పికప్పుదో నడిమి డిఫరెన్షియల్ యాక్సిలు తెచ్చి దాని కింద పెడితే ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలుగా పోతుంది, జాయింట్లు రోజూ మొరపెడతాయి. చక్రం బోల్టుల కొలత కూడా చూసుకోండి. పాత జీపుకీ జిప్సీకీ ఐదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వలయం. వేరే కొలత యాక్సిలు తెస్తే స్టెప్నీ ముందుకొకటి వెనకకొకటి మోయాలి.

లాకర్ల మీద ఒక్క మాట చాలు. 2015 థార్‌లో మహీంద్రా వాళ్ళు వెనక మెకానికల్ లాకింగు డిఫరెన్షియల్ ఇచ్చారు, రెండు చక్రాల వేగాల్లో బాగా తేడా వస్తే తనంతట అదే పట్టుకునే రకం. ఫోర్సు గూర్ఖాలో ముందూ వెనకా డ్రైవరే వేసుకునే లాకులు ఉన్నాయి. రాళ్ళ మీద నాకు రెండో రకమే నచ్చుతుంది. చక్రం తిరగకముందే వేసుకోవచ్చు, అప్పుడు ఆ వాలే చక్రం దెబ్బే ఉండదు. తనంతట పట్టుకునేది పట్టుకోవాలంటే ముందు చక్రం తిరగాలి, తిరిగితేనే కదా గొడవ.

కాగితాల సంగతీ అనుకోవాలి, తప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కేఏ-40 నంబరు ప్లేటుతో జాతీయ రహదారి 44 మీద మామూలుగా తిరిగే బండికి వేరే కంపెనీ యాక్సిలు వేస్తే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఆ బండికి కంపెనీ ఇచ్చిన యాక్సిలులోనే రాడ్లు, బేరింగులు మంచివి వేయించుకోవడం దగ్గర ఆగిపోవడం తెలివి. పూర్తి మార్పిడి అంతా పోటీల కోసం ట్రాలీ మీద తిరిగే బళ్ళకీ, సొంత తోట దాటి బయటికి రాని బళ్ళకీ.

బిగించే రోజున కాస్త దగ్గరుండి చూసుకోండి. కమాన్ కట్టలు కూర్చునే పలకలు హౌసింగుకి వెల్డింగు చేసేటప్పుడు ఒకే చోట ఏకధాటిగా కరిగించేస్తే గొట్టం వంగిపోతుంది. తరవాత ఎంత మంచి రాడ్డు వేసినా బేరింగుల్ని తింటుంది. అటో కొంచెం, ఇటో కొంచెం, మధ్య మధ్య చల్లారనిచ్చి అతకాలి. పినియన్ మూతి ఎటు చూస్తోందో కూడా బండి బరువు నాలుగు చక్రాల మీదా పడ్డాకే కుదర్చాలి, స్టాండు మీద వేలాడుతున్నప్పుడు కాదు. కొత్త క్రౌన్-పినియన్ అయితే మొదటిసారి ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి చల్లారనివ్వండి, వెంటనే బరువులు లాగించొద్దు. 800 కిలోమీటర్లకి నూనె మార్చేయండి. బయటికొచ్చిన నూనెలో మెరిసే నుసి ఉంటుంది, భయపడకండి. ముక్కలు వస్తే మాత్రం భయపడండి.

ఇవన్నీ విని, ఖర్చు లెక్కేసుకుని, మీరు దిగులుగా మంటలోకి చూస్తున్నారని తెలుసు. అందరూ ఈ రోజే చేసుకోగలిగింది ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. హౌసింగు పైన ఒక చిన్న బ్రీదరు ఉంటుంది, లోపలి గాలి వేడికి పెరిగితే బయటికి పోవడానికి. వేడెక్కిన యాక్సిలు వాగు నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ బ్రీదరు లోంచో సీళ్ళ పక్కనుంచో నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. నూనె తెల్లబారుతుంది, బేరింగులు తుప్పు పడతాయి, గట్టి యాక్సిలు లేదు, మెత్తది లేదు, అన్నీ పోతాయి. ఆ బ్రీదరుకి ఒక రబ్బరు పైపు తగిలించి, వెనక లైటు ఎత్తుకి తీసుకుపోయి, కొసన చిన్న ఫిల్టరు పెట్టి, రెండు క్లిప్పులతో బాడీకి బిగించండి. చిత్రావతిలో మళ్ళీ నీళ్ళొచ్చేలోపు అది చేయించేయండి. యాక్సిలు బేరం సంక్రాంతి పోయాక చూద్దాం, అప్పటికి జేసీ రోడ్డు వాళ్ళు కూడా పండగ ధరలు దించుతారు.